కడబంతిలో కూర్చున్నవాళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నం వండే ప్రతి పూటా ఒక పిడికెడు బియ్యం ఎసట్లో పడకుండా ఆగిపోయేవి. మా అమ్మ చేటలో బియ్యం చెరిగి, రాళ్ళు ఏరి, గిన్నెలో పోసే ముందు కుడిచేత్తో ఒక గుప్పెడు తీసి గోడవారన ఉన్న రేకు డబ్బాలో వేసేది. వేసేటప్పుడు ఆమె పెదవులు కొద్దిగా కదిలేవి. అది ప్రార్థన అని నాకు తెలుసు గాని, ఏమని ప్రార్థించేదో ఎన్నడూ అడగలేదు. ఆదివారం నాడు ఆ బియ్యాన్ని గుడ్డసంచిలో పోసుకొని ప్రార్థన గదికి తీసుకువెళ్ళేవాళ్ళం. మా క్రైస్తవ సంఘంలోని ప్రతి ఇంటి నుంచీ అలాగే ఒక సంచి వచ్చేది. ఆ కానుకకు పిడికెడు బియ్యమనే పేరు. ఇల్లు గడవనివాళ్ళకు చేరవలసిన తిండి అది. తీసుకునేవాళ్ళు మా సంఘంవాళ్ళా, బయటివాళ్ళా అని చూసే అలవాటు ఎవరికీ లేదు.

మాది సూరత్. మా తాతయ్య కాలంలో తెలంగాణలో చేతిమగ్గం కూడు పెట్టడం మానేశాక, మావాళ్ళు రైలెక్కి ఇక్కడికి వచ్చి సాంచాల మీద పనికి కుదిరారు. మరమగ్గాన్ని మావాళ్ళు సాంచా అంటారు. మా నాన్న రెండు సాంచాలు నడిపేవాడు. మా నాయనమ్మ, అమ్మ ఇంట్లో కూర్చొని కండెలకు నూలు చుట్టేవాళ్ళు. ఆ ఊళ్ళో మాకు బియ్యం సులువుగా దొరికేవి కావు. చుట్టుపక్కలవాళ్ళందరూ రొట్టె తినే మనుషులు. రేషన్ దుకాణంలో ఇచ్చే బియ్యం నెలలో సగం రోజులకైనా వచ్చేవి కావు. అలాంటి ఇంట్లో పిడికెడు బియ్యం పక్కన పెట్టడమంటే ఎంత పనో, ఈనాడు బస్తాలతో బియ్యం కొనుక్కునే మావాళ్ళకు చెప్పినా అర్థం కాదు.

ఈ సంగతులు ఇప్పుడు రాయడానికి ఒక కారణం ఉంది. కరోనా వచ్చి ఇది రెండో ఏడు. బ్యాంకులో పదవీ విరమణ చేసి, ఇదే సూరత్‌లో, బయటికి కదలకుండా కూర్చున్నాను. మా వంశంలో డిగ్రీ చేతికి తీసుకున్న మొదటి మనిషిని నేను. ఉద్యోగమంతా అప్పు కాగితాలు చదవడంలోనే గడిచింది. ఈ రోజుల్లో టీవీ పెడితే దేశం అప్పు గురించే మాట. పేదలకు ఊరికే ధాన్యం ఇవ్వడానికి ప్రభుత్వం అప్పు చేయవచ్చునా, ఇంత అప్పు రేపు ఎవరు తీర్చాలి అని చదువుకున్నవాళ్ళు గట్టిగా వాదించుకుంటున్నారు. వాళ్ళ మాటలు వింటున్నప్పుడల్లా నాకు మా నాయనమ్మ చేసిన ఒక పని జ్ఞాపకం వస్తుంది. ఆమెకు అక్షరం రాదు. కాని అప్పు అంటే ఏమిటో నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను. నేను నేర్చుకున్న ఏడాది కూడా ఒక జ్వరాల ఏడాదే.

అప్పుడు నాకు పదేళ్ళు. మునిసిపాలిటీవారి తెలుగు బడిలో చదువుతున్నాను. మా పక్క గదిలో ఒక అక్క ఉండేది. ఆమె భర్త మా నాన్న పనిచేసే కార్ఖానాలోనే పనిచేస్తూ ఆ ఏటి వానాకాలంలో చనిపోయాడు. చేతిలో నెలల బిడ్డ. కండెలు చుట్టిన కూలితో గది అద్దె మాత్రం వెళ్ళేది. ఆమె మా సంఘం మనిషి కాదు, ఆమె గదిలో వేరే దేవుళ్ళ పటాలు ఉండేవి. అయినా పిడికెడు బియ్యంలో ఎక్కువ పాలు ఆమెకే వెళ్ళేది.

ఆ ఇవ్వడంలో మా నాయనమ్మకు ఒక పద్ధతి ఉండేది. ఆదివారం సాయంత్రం పక్కింటి అక్క బిడ్డను చంకనేసుకొని వచ్చి మా గడప మీద కూర్చునేది. బియ్యం మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తేవారు కాదు. నూలు ఎలా తెగిపోతున్నదో, నీళ్ళ కుళాయి దగ్గర ఎవరు పోట్లాడారో మాట్లాడుకునేవారు. చివరకు నాయనమ్మ సంచి తీసి ఆమె ముందు పెట్టి, "బిడ్డా, నా కండ్లు ఆనుతలేవు. వీటిల రాళ్ళున్నయేమో జర ఇంటికి తీస్కపోయి చూడరాదు" అనేది. అక్క సంచి తీసుకొని వెళ్ళేది. ఖాళీ సంచి మరునాడు మడతపెట్టి మా గుమ్మం దగ్గర ఉండేది. రాళ్ళ సంగతి మళ్ళీ ఎవరూ అడిగేవారు కాదు.

ఆ ఏడాదే మా సంఘానికి సొంతంగా ఒక ప్రార్థన గది కుదిరింది. ఒక కార్ఖానా మీది అంతస్తులో రేకుల కప్పు గది. అంతవరకు ఇళ్ళలో కూడుకునేవాళ్ళం. కొత్త గదిలో మొదటి క్రిస్మస్ ఘనంగా చేయాలని అందరికీ ఆశ కలిగింది. సంఘం పెద్దలు ముగ్గురు. మా నాన్న ఒకడు. మాకు పెదనాన్న వరసయ్యే మీసాల మనిషి ఇంకొకడు. మూడో ఆయన ఎవరేమన్నా తల ఊపే మనిషి. మా ఇంట్లో కూర్చొని ముగ్గురూ పండుగ సంగతి మాట్లాడుకోవడం నాకు బాగా గుర్తుంది.

"మైకు లేంది పండుగేంది తమ్మీ?" అన్నాడు మీసాల పెదనాన్న. "పెండ్లికి మైకు వెడ్తరు, దుకాణం తెరిస్తె మైకు వెడ్తరు. ప్రభువు పుట్టిండంటె మనం గుసగుస చెప్పుకుంటమా?"

మైకు దగ్గర మొదలైన మాట రంగు బల్బుల తోరణాలకు, అక్కడి నుంచి బగారా అన్నానికి, మాంసం కూరకు పాకింది. చందాలు చాలలేదు. అప్పుడు మా నాన్నకు ఒక ఉపాయం తోచింది. వీధి చివర కిరాణా దుకాణం సేఠ్ సరుకులన్నీ అరువు ఇస్తాడు, మైకు అద్దెకు డబ్బు కూడా ఇస్తాడు. బదులుగా ఆరు నెలలపాటు ఆదివారం పోగయ్యే బియ్యం ఆయన దుకాణానికి చేరాలి. ప్రతివారం తప్పకుండా వచ్చే బియ్యం కంటే గట్టి పూచీ ఏముంటుంది? మా నాన్న మోసగాడు కాదు. ఆయన జీవితంలో ఒకరి పైసా ఎరగడు. పండుగ కూడా దేవుడిదే, బియ్యం కూడా దేవుడివే, ఒక చేతిలోవి ఇంకొక చేతిలోకి మారుతున్నాయని ఆయన నిజంగా నమ్మాడు. అందరూ తల ఊపారు. పిడికిలి తీసే ఆడవాళ్ళను మాత్రం ఎవరూ అడగలేదు. గడప మీద కూర్చునే అక్కను అడగాలని ఎవరికీ తట్టనే లేదు.

నాయనమ్మ కండె చుట్టడం ఆపి, "గవి మనయి గావు కొడుకా" అన్నది.

"యాడికి వోతయే అవ్వా? వచ్చే ఐతారం మళ్ళ రావా?" అన్నాడు నాన్న నవ్వుతూ. "పండుగ ఒక్క దినం. బియ్యం ఏడాదంత వస్తనే ఉంటయి."

ఆమె మళ్ళీ కండె అందుకుంది.

పండుగ గొప్పగా జరిగింది. అలా జరగలేదని ఇప్పుడు రాస్తే అబద్ధమవుతుంది. రేకుల కప్పు కింద రంగు బల్బులు వెలిగి ఆరుతుంటే కింది వీధిలో పోయే గుజరాతీ పిల్లలు నిలబడి చూశారు. నేను కొత్త గౌను వేసుకొని మైకు ముందు నిలబడి బైబిలు వాక్యాలు కంఠపాఠంగా చెప్పాను. సగంలో మరచిపోయి, ఏం చేయాలో తోచక మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. బగారా అన్నం రెండుసార్లు వడ్డించుకొని తిన్నాను. పక్కింటి అక్క కూడా వచ్చింది. భర్త పోయిన తరువాత ఆమె నవ్వడం ఆ రోజే చూశాను. తన బిడ్డ నోట్లో మెత్తని అన్నం మెతుకు పెట్టి, "చూడుర, పండుగంట" అన్నది. ఆనాడు తాను తిన్న ఒక్క కంచం భోజనానికి తన ఆరు నెలల బియ్యం చెల్లుతున్నాయని ఆమెకు తెలియదు. నాకూ తెలియదు.

తరువాతి ఆదివారం బియ్యం సంచులు ప్రార్థన గది నుంచి నేరుగా సేఠ్ దుకాణానికి వెళ్ళిపోయాయి. సాయంత్రం అక్క వచ్చి గడప మీద కూర్చుంది. నాయనమ్మ ఎప్పటిలాగే కబుర్లు చెప్పి, లోపలికి వెళ్ళి, మా ఇంటి కుండలోని బియ్యం కొన్ని సంచిలో పోసి, రాళ్ళ మాటే చెప్పి ఇచ్చింది. ఆ పై వారమూ అంతే. మా అమ్మ చూస్తూ ఊరుకుంది.

చలి తగ్గుముఖం పట్టేసరికి ఫ్లూ జ్వరం వచ్చింది. దేశదేశాలు తిరిగి వచ్చిన జ్వరమని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. ఇంటికి ఇద్దరు చొప్పున పడకేశారు. పగలూ రాత్రీ మోగే సాంచాలు సగం ఆగిపోతే మా వీధి మాకే కొత్తగా వినిపించింది. నేసినంత గుడ్డకే కూలి. మంచం పట్టినవాళ్ళకు కూలి లేదు. ఇళ్ళలో బియ్యం తగ్గాయి, పిడికిళ్ళు తగ్గాయి, సేఠ్‌కు ఇస్తామన్నంత చేరడం లేదు. మాట పోతుందని మా నాన్నకు బెంగ పట్టుకుంది. పెద్దలు మళ్ళీ కూర్చున్నారు. బాకీ తీరేదాకా ప్రతి ఇల్లూ పూటకు ఒకటి కాదు, రెండు పిడికిళ్ళు తీయాలని తీర్మానించారు.

"దాన్లేముంది, డబ్బాల ఇంకోపాలి చెయ్యి వెడితె అయిపాయె" అన్నాడు మీసాల పెదనాన్న. ఆయన తన జీవితంలో ఎన్నడూ ఆ డబ్బాలో చెయ్యి పెట్టినవాడు కాదు.

మా అమ్మ రెండు పిడికిళ్ళు తీయడం మొదలుపెట్టింది. మా కంచాల్లో ఏ తేడా రాలేదు. నాన్నకు, నాకు, తమ్ముడికి ఎప్పుడూ పెట్టినంతే పెట్టేది. ఇంట్లో తీసేవి రెట్టింపయ్యాయి, కంచాలు మాత్రం నిండుగానే ఉన్నాయి. లెక్కల్లో మా తరగతికి మొదటిదాన్నైన నాకు ఆ లెక్క తట్టలేదు.

ఆ తరువాత రెండు ఆదివారాలు పక్కింటి అక్క రాలేదు. నాయనమ్మ గడప వైపు చూసి చూసి, రెండో ఆదివారం దాటిన మూడో రోజు నా చేతికి గంజి చెంబు ఇచ్చి పంపింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. అక్క గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. ఒళ్ళు కాలిపోతున్నది. బిడ్డ ఆమె ఒడిలో ఏడుస్తున్నాడు గాని, పిల్లలు ఏడ్చే ఏడుపులా లేదు. పిల్లికూన మూలుగులా ఉంది. పాలు రావడం లేదని ఆమె నాకు చెప్పలేదు. రొమ్ము నోట్లో పెట్టడం, వాడు వదిలేసి మూలగడం, మళ్ళీ పెట్టడం నేను చూశాను. గంజి రెండు గుక్కలు తాగింది.

"బియ్యానికి ఎందుకొస్తలేవక్కా? నాయనమ్మ రోజూ చూస్తున్నది" అన్నాను.

ఆమె కొంచెంసేపు ఊపిరి తీసుకొని, "మీ అమ్మ పొయ్యికాడ ఉత్త గిన్నె గీకంగ చూసిన బిడ్డా," అన్నది. "మళ్ళ ఎట్ల వస్తును?"

ఇంటికి వచ్చి ఆ మాట ఉన్నదున్నట్టు నాయనమ్మకు చెప్పాను. ఆమె చేతిలోని పని పక్కన పెట్టింది. తరువాత లేచి, కాళ్ళకున్న వెండి కడియాలు సబ్బు నురుగు రాసి లాగింది. ఎన్నో ఏళ్ళుగా తీయని కడియాలు. చర్మం ఎర్రగా కమిలింది. నన్ను వెంటబెట్టుకొని సేఠ్ దుకాణానికి వెళ్ళి, వాటిని అక్కడ పెట్టి, తన పేరు మీద బియ్యమూ పాలపొడీ అరువు తెచ్చింది. దారిలో నాకు ఒక సందేహం వచ్చి అడిగేశాను. అప్పు చేశాడని నాన్నను తప్పుపట్టిందిగదా, మరి తానెందుకు చేసింది?

"మీ నాయిన పండుగకు తెచ్చిండు. నేను ఆకలికి తెచ్చిన" అన్నది. నాలుగడుగులు నడిచాక మళ్ళీ, "ఇంకోటున్నది. తీర్చేటోళ్ళను అడగకుంట తెచ్చిండు వాడు. నేను అడిగే తెచ్చిన. నన్ను నేనే అడుక్కున్న" అని నవ్వింది. ఆ నవ్వు కాసేపే ఉంది.

ఆ ఆదివారం ప్రార్థన ముగిశాక పెద్దలు మా ఇంట్లో భోంచేసి, సేఠ్ బాకీ సంగతి మాట్లాడుకోవాలని అనుకున్నారు. నాయనమ్మ ముందుగానే మిగతా ఇద్దరు పెద్దల ఇళ్ళకు కబురు పంపింది. ఇల్లాండ్రూ పిల్లలూ కూడా రావాలి. ఆ పూట తమ ఇంట్లో వండుకునే బియ్యం, ఎప్పటిలాగే రెండు పిడికిళ్ళు తీసేసి, మిగిలినవి తెచ్చుకోవాలి. మూడిళ్ళ బియ్యం ఒక్క గిన్నెలో పోసి ఆమె తానే వండింది. పక్కింటి అక్కకు అప్పటికి జ్వరం కాస్త తగ్గింది. మా అమ్మ ఆమెను పట్టుకొని తీసుకువచ్చి గోడ దగ్గర కూర్చోబెట్టింది.

మగవాళ్ళు కాళ్ళు కడుక్కొని వచ్చి కూర్చోబోతుంటే నాయనమ్మ గరిటె అడ్డం పెట్టింది.

"జర ఆగుండ్రి. ఇయ్యాల ఆడోళ్ళు ముందుగాల కూసుంటరు."

"ఏం చిన్నమ్మా," అన్నాడు మీసాల పెదనాన్న, "వీళ్ళేమన్న పెండ్లికొచ్చిన చుట్టాలా?"

"గట్లనే అనుకోరాదు" అన్నది ఆమె.

మా అమ్మ, మిగతా ఇద్దరు ఇల్లాండ్రు సిగ్గుతో ముడుచుకుపోయారు. మగవాళ్ళు నిలబడి చూస్తుండగా ముందు కూర్చోవడం వాళ్ళకు ఎన్నడూ అలవాటు లేదు. మా అమ్మ ముద్ద కలిపి నోటి దగ్గరికి తీసుకుపోలేక కూర్చుంటే నాయనమ్మ, "తిను కోడలా. నా మాట" అన్నది. మగవాళ్ళకు ఎప్పుడూ పెట్టేంత వాళ్ళకు పెట్టింది, అంతకు మించి పెట్టలేదు. అక్క తల వంచుకొని నెమ్మదిగా తిన్నది. వాళ్ళ తరువాత పిల్లలం కూర్చున్నాం. నేను కడుపునిండా తిని మారు కూడా అడిగాను. నాయనమ్మ అడ్డు చెప్పకుండా వడ్డించింది. ఆ మారు వడ్డన ఇప్పటికీ నాకు గుర్తుకు వస్తుంది.

కడబంతిలో మగవాళ్ళు కూర్చున్నారు. నాయనమ్మ గిన్నె తెచ్చి, వంచి, గరిటెతో గీకింది. ఇత్తడి మీద గరిటె గీరిన ఆ చప్పుడుకు అందరూ తలెత్తారు. ఒక్కొక్క కంచంలో అడుగంటిన మాడు చెక్క ఒకటి, దాని మీద ఇంత గంజి, పక్కన పచ్చిమిరపకాయ పడ్డాయి.

నాన్న కంచం వైపు, ఆమె వైపు చూశాడు. "సరిపోను వండలేదానే అవ్వా?"

"రోజు వండేటన్నే వండిన కొడుకా. రెండు పిడికిళ్ళు తీసినం, మీరు జెప్పినట్టే. తక్వ జెయ్యలె, ఎక్వ జెయ్యలె. కూసునే వరుస మార్చిన, గంతే."

మీసాల పెదనాన్న భార్య వైపు తిరిగి, ఎన్నడూ లేనంత మెల్లగా, "రోజు నువ్వు తినేది గిదేనా?" అని అడిగాడు.

"రోజు యాడికెల్లి వస్తది?" అన్నది పెద్దమ్మ. "ఒక్కోపాలి ఈ మాడు గూడ పోరగాండ్లు అడుగుతరు."

మా నాన్న ఆ మాడు చెక్కను గంజిలో నానబెట్టుకొని ఆఖరు తునక దాకా తిన్నాడు. పచ్చిమిరపకాయ కొరికాడు. ఆయన కళ్ళు తడిసింది అందువల్లనేనని అప్పుడు అనుకున్నాను. చెయ్యి కడుక్కొని, గోడకు ఆనించిన సైకిలు తీశాడు. నేను వెనక పరిగెత్తాను. ఆయన సైకిలు ఎక్కకుండా నడిపించుకొనే దుకాణం దాకా వెళ్ళాడు.

సేఠ్ తక్కెడ తుడుచుకుంటున్నాడు. నాన్న తనకు వచ్చిన హిందీలో ఉన్న సంగతంతా చెప్పాడు. ఆ బియ్యం సంఘానివి కావు, లేనివాళ్ళవి. వాటిని పూచీ పెట్టే హక్కు తనకు లేదు. ఈ సైకిలు ఉంచుకోవాలి, మిగతా బాకీ పెద్దలం ముగ్గురం కూలి నుంచి తీరుస్తాం.

సేఠ్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. "అరే భాయ్, పహలే బోల్నా థా నా!" అన్నాడు. ముందే చెప్పవలసిందిగదా అని. మీ సంఘం సొంతానికి పోగుచేసుకునే బియ్యమేమో అనుకున్నాను, గరీబుల నోటి అన్నమని తెలిస్తే నా కొట్లో పెట్టుకునేవాణ్ణా అని కోప్పడ్డాడు. మిగిలి ఉన్న సంచి ఒకటి తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. బాకీ మాత్రం వదులుకోలేదు, నాన్న కూడా వదలమని అడగలేదు. గడువు పెంచాడు. నాయనమ్మ కడియాలు మాత్రం కాగితంలో చుట్టి తిరిగి ఇచ్చేశాడు. ఆమె తెచ్చిన అరువు తన సొంత ఖాతాలోనే రాసుకున్నానని ఆమెకు చెప్పమన్నాడు.

తిరిగి వస్తుంటే నాన్న నా చేతుల్లోని సంచిని తన భుజానికి ఎత్తుకున్నాడు. తరువాత, "మీ అమ్మ ఏం తింటదో నువ్వెప్పుడన్న చూసినవా బిడ్డా?" అని అడిగాడు. లేదన్నాను. "నేను గూడ చూడలె" అన్నాడు.

పై ఆదివారం ఆయన ప్రార్థన గదిలో లేచి నిలబడ్డాడు. చేసిన పని చెప్పాడు. తప్పు అన్నాడు. ఇక మీదట పిడికిలి వండే చెయ్యి తీయదు, ముందు తినే చెయ్యి తీస్తుందన్నాడు. అంటే బియ్యం ఎసట్లో పడక మునుపే మగవాడు, తన వంతు బియ్యంలో నుంచి, తన పిడికిలితో తీసి డబ్బాలో వేయాలి. మీసాల పెదనాన్న తన పెద్ద చెయ్యి పైకెత్తి చూపించి, "గీ పిడికిలి జూసి మా ఇంట్ల పిల్లి గూడ భయపడ్తది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి డబ్బాలు త్వరగా నిండాయి. మగవాళ్ళ పిడికిళ్ళు పెద్దవి గదా.

పక్కింటి అక్క కోలుకుంది. బిడ్డ ఏడుపు మళ్ళీ చెవులు పగిలేటంతగా తయారైంది. ఆ ఏడుపు వినిపించినప్పుడల్లా మా అమ్మ కండె ఆపి నవ్వుకునేది. నాన్న వానలు మొదలయ్యేదాకా కార్ఖానాకు నడిచే వెళ్ళాడు. సేఠ్ ఆ సైకిలు అమ్మలేదు, దుమ్ము పట్టకుండా గోనెపట్టా కప్పి ఉంచాడు.

తరువాత నేను చదువుకున్నాను, బ్యాంకులో చేరాను. అప్పు అన్నదే పాపమని నాయనమ్మ నాకు నేర్పలేదు. సూరత్ పక్కనున్న పల్సానాలో సాంచాలు పెట్టుకున్నవాళ్ళకు, ఆటో కొనుక్కున్నవాళ్ళకు నేనే ఎన్నో అప్పులు రాసి ఇచ్చాను, వాటితో ఇళ్ళు నిలబడ్డాయి. దేశం అప్పు, ఇంటి అప్పు ఒకటి కావని తెలిసే చదువు నాకుంది. కాని దేశం తిన్నా ఇల్లు తిన్నా వరుసలోనే తింటుంది. పెద్ద కట్టడాలకూ ఆర్భాటాలకూ అప్పు తెచ్చినప్పుడు ముందు బంతిలో ఉన్నవాళ్ళ కంచాలు నిండుగానే ఉంటాయి. తీర్చే రోజు వచ్చినప్పుడు, ఇంకో పిడికిలి తీయండి అంటారు. ఆ పిడికిలి ఎవరి కంచంలోది అని అడగరు. ఆకలికి తెచ్చిన అప్పును మాత్రం భూతద్దం పెట్టి చూస్తారు. క్రీస్తు పేరు పెట్టుకున్న మనం కూడా అలాగే చూస్తే, గుడిలో అందరం పంచుకు తినే ప్రభువు బల్ల మీది రొట్టెకు అర్థమేమిటని నన్ను నేను అడుగుతుంటాను.

నిరుడు మొదటి లాక్‌డౌన్‌లో రింగ్ రోడ్ బట్టల మార్కెట్లన్నీ మూతపడ్డాయి. కూలిలేని మనుషులు మూటలు నెత్తిన పెట్టుకొని రోడ్డున నడిచిపోయారు. మా సంఘం ఇప్పుడు పెద్దది. కొత్త గుడికి ముఖభాగం పాలరాతితో కట్టిస్తున్నాం, దానికి అప్పు ఉంది. కానుకలు తగ్గిపోయాయి. ఫోనులోనే కమిటీ సమావేశం జరిగింది. ఒక యువకుడు, మంచివాడే, వాయిదా తప్పితే మాట పోతుందనీ, కొన్ని నెలలు పేదల బియ్యం ఆపుదామనీ అన్నాడు. ఆ గొంతులో నాకు మా నాన్న గొంతు వినిపించింది. నేను వాదించలేదు. ఇప్పుడు మీకు చెప్పిన ఈ కథే చెప్పాను. బ్యాంకును గడువు అడిగాం. పాలరాయి పని ఆపేశాం. మా గుడి ముఖం ఈనాటికీ ఉత్త ఇటుకలతోనే ఉంది. బియ్యం ఒక్క వారం కూడా ఆగలేదు.

మా ఇంట్లో ఎక్కువ సంపాదించినదాన్ని నేనే. అందుకని ఆదివారాలు నేను కడబంతిలో తింటాను. మొన్న మా మనవరాలు, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, "అమ్మమ్మా, నువ్వెప్పుడూ ఛెల్లే ఎందుకు తింటావు?" అని అడిగింది. ఛెల్లే అంటే గుజరాతీలో చివర. నేను గిన్నె ఆమె వైపు వంచి లోపల చూపించాను.

"ఇక్కడ కూర్చుంటేనే గిన్నె అడుగు కనిపిస్తుంది తల్లీ" అన్నాను.

ఆమె తొంగి చూసింది. తన కంచం అప్పటికే ఖాళీ అయింది. అయినా లేచిపోకుండా, దానిని జరుపుకొని వచ్చి నా పక్కన కూర్చుంది.